తడి ఆరనివ్వరాదు

మా శాఖా గ్రంథాలయం పడమటి గోడ చెమ్మెక్కిందని నేను జూలైలో ఉత్తరం రాస్తే, దాన్ని చూడడానికి మరుసటి ఏడు మే నెలలో ఇంజనీరు వచ్చారు. మధ్యలో ఆలస్యమేమీ జరగలేదు. వానాకాలంలో డాబాలు జారతాయి కనక జూన్ నుంచి నవంబరు దాకా అధికారులెవరూ పైకప్పు ఎక్కరాదని పైనుంచి ఒక సర్క్యులరు ఉంది. ఆ తర్వాత చలికాలమంతా కాగితాలు నడిచాయి. ఎండాకాలానికి మనిషి నడిచాడు.

ఆయన పేరు విన్నకోట మార్కండేయులు, సహాయ ఇంజనీరు. చెడ్డవారు కారు. చేతిరుమాలు నెత్తిన వేసుకుని మేడెక్కి దిగి, పడమటి గోడమీద అరచెయ్యి ఆనించి, చురుక్కుమని వెనక్కి తీసుకున్నారు. "గోడ వేడిగా ఉన్నది తప్ప తడిగా లేదు" అని రాసుకుని మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. వారం తిరక్కుండా నాకు మెమో వచ్చింది. లేని చెమ్మను ఉన్నట్లు నివేదించి అధికారుల విలువైన కాలాన్ని హరించినందుకు నా మీద చర్య ఎందుకు తీసుకోరాదో తెలపాలట.

నేను వినయంగా జవాబు రాశాను. అయ్యా, తడి ఉన్నప్పుడు తమరు ఎక్కరు. తమరు ఎక్కినప్పుడు తడి ఉండదు. కాబట్టి ఏం చెయ్యమంటారో సెలవియ్యండి.

ఆ జవాబు రాసి ఉండకూడదు. గుమ్మలేరు లాంటి చిన్న ఊళ్ళో లైబ్రేరియన్‌గా పదిహేడేళ్ళు చేసినవాడికి, పైవాళ్ళని ప్రశ్న అడిగితే జవాబు వస్తుందని తెలిసుండాలి. 

జవాబు వచ్చింది. "తనిఖీ సమయమున చెమ్మ ప్రత్యక్షముగా అగుపడవలెను. అట్లు అగుపడునట్లు చూచు బాధ్యత ఫిర్యాదు చేసిన కార్యాలయానిదే. కావున అంతిమ తనిఖీ వరకు తడి ఆరనివ్వరాదు."

డిసెంబరు మొదటి వారంలో, గోడ ఇంకా పచ్చిగా ఉండగానే మార్కండేయులుగారు మళ్ళీ వచ్చారు. ఈసారి ఎర్రరంగు డబ్బా, కుంచె తెచ్చుకున్నారు. చెమ్మ ఎంతమేర ఉందో కొలిచి, దాని చుట్టూ ఎర్రగీత గీసి, పైన "చెమ్మ నం. 1" అని అంకె వేసి, ఫోటో తీసుకున్నారు.

"ఇరవై నాలుగు చదరపు అడుగులండీ లైబ్రేరియన్ గారూ. ఇక ఇది రికార్డులోకి వచ్చేసింది. మేలో పెద్ద ఇంజనీరుగారి కమిటీ వస్తుంది. అప్పటిదాకా ఇది ఈ గీత లోపల ఇలాగే ఉండాలి."

"తగ్గితే?"

"తప్పుడు నివేదిక కింద వస్తుంది."

"పెరిగితేనండి?"

ఆయన కాస్త ఆలోచించారు. "గీత దాటిన చెమ్మ కొత్త చెమ్మ అవుతుంది. దానికి విడిగా దరఖాస్తు చేసుకోవాలి."

ఆ గోడకి ఆనుకుని ఒక గాజు తలుపుల బీరువా ఉంది. ఊళ్ళోవాళ్ళు ఇచ్చిన పుస్తకాలు, చేతిరాత నోట్లు అందులో పెడతాం. దాన్ని ఇవతలికి జరుపుకుంటానన్నాను. ఆయన కంగారుపడి నా చెయ్యి పట్టుకున్నారు.

"అయ్యో, అలా చెయ్యకండి! ఫోటోలో బీరువా పడింది కదా. ఫోటోలో ఉన్నది ఫోటోలో ఉన్నట్టే ఉండాలి. లోపలి పుస్తకాల జాబితా కూడా జతపరిచాను. ఒక్కటి కదిలినా యథాతథ స్థితికి భంగం కలిగినట్టే."

జనవరికల్లా గోడ ఆరడం మొదలెట్టింది. ఎర్రగీతకీ చెమ్మకీ మధ్య జానెడు ఎడం వచ్చింది. నాకు అన్నం సయించలేదు. మా అటెండరు కామేశు రెండు చెంబులు తెచ్చి గోడమీద చల్లి చూశాడుగానీ, అది చూడ్డానికి చెమ్మలా లేదు, ఎవరో ముఖం కడుక్కున్నట్టుంది. అసలు చెమ్మ మేడమీంచే దిగాలి. ఉత్తరం రాస్తే, రోజుకి నలభై బిందెల నీళ్ళు పైకప్పుమీద పోయడానికి ఒక మనిషిని తాత్కాలికంగా పెట్టుకోమని అనుమతి వచ్చింది. ఆ ఉద్యోగానికి 'తడి నిర్వాహకుడు' అని పేరు కూడా పెట్టారు. చెమ్మ పోగొట్టే మనిషి కావాలని నేను ఏడాదిన్నరగా అడుగుతున్నాను. చెమ్మ పెట్టే మనిషిని పదకొండు రోజుల్లో ఇచ్చారు.

కామేశుకి మోకాళ్ళ నొప్పులు. ఎక్కలేడు. అలా తడి నిర్వాహకుడిగా వచ్చినవాడు తాపీమేస్త్రీ పల్లయ్య.

పల్లయ్యకి అరవై దాటాయి. ఈ గ్రంథాలయం మేడ కట్టింది వాళ్ళ నాన్న సూరన్న మేస్త్రీ. టేకు దూలాలమీద ఇటుకలు పేర్చి, పైన సున్నపు గచ్చు వేసిన పాతకాలపు కట్టడం. ఇప్పుడు అందరూ సిమెంటు స్లాబులే వేసుకుంటున్నారు కనక గచ్చు తెలిసిన పల్లయ్యకి చేతినిండా ఖాళీ. మొదటిరోజు బిందె భుజాన పెట్టుకుని మేడెక్కినవాడు, బిందె ఒంపకుండానే దిగొచ్చాడు.

"మేష్టారూ, పైన తూముకాడ రావి మొక్కొకటి మొలిసిందండి. దాని ఏరు గచ్చులోకి దిగి పగలదీసేసింది. నీళ్ళన్నీ ఆ బీటలోంచే గోడలోకి దిగుతున్నాయండి."

"తెలుసు పల్లయ్యా." నిజంగానే తెలుసు. రావి మొక్కని పీకితే పాపమని కామేశు పీకలేదు. నాకు ఆ భయం లేదుగానీ, ప్రభుత్వ భవనంమీద మొలిచింది కనక ప్రభుత్వ వృక్షమవుతుందేమోనని నేనూ పీకలేదు.

"తట్టెడు గచ్చు పెడితే సరిపోద్దండి. ఒక్క రోజు పని."

"నువ్వొచ్చింది ఆ పనికి కాదు."

"మరి దేనికండి?"

"ఆ బీటలో నీళ్ళు పొయ్యడానికి."

పల్లయ్య నా మొహంలోకి చూశాడు. నేను ఉత్తర్వు తీసి చూపించాను. అతనికి చదువు రాదు, అయినా ముద్ర చూసి తలాడించాడు. "ఆయ్, అలాగేనండి. ఏణ్ణీళ్ళకి సన్నీళ్ళు తోడన్నట్టు, ఆనకి మేవొకళ్ళం తోడు" అని బిందె ఎత్తుకున్నాడు.

ఇక చూడండి, మా చెమ్మ వైభవం. ఫిబ్రవరికల్లా ఎర్రగీత అంచులదాకా నిండుగా, నిగనిగలాడుతూ వచ్చింది. నేను రోజూ పొద్దున్నే టేపు పెట్టి కొలిచి, పుస్తకంలో రాసి సంతకం చేసేవాణ్ణి. ఒకరోజు నాలుగు అంగుళాలు గీత దాటితే పల్లయ్యని పిలిచి నాలుగు బిందెలు తగ్గించమన్నాను. పేపరు చదవడానికొచ్చే పెద్దమనుషులు ముందు పేజీ కంటే ముందు గోడ చూసేవారు. జిల్లాలో మిగతా లైబ్రరీల్లో చెమ్మ అడ్డదిడ్డంగా ఉంటుందనీ, మాది ఒక్కటే హద్దుల్లో ఉందనీ మార్కండేయులుగారు ఫోనులో మెచ్చుకున్నారు. దాచడమెందుకు, నాకు గర్వంగానే అనిపించింది.

మార్చిలో ఊరి కుళాయిలు రోజు విడిచి రోజు వదలడం మొదలుపెట్టారు. మా పెరట్లో బోరు ఉంది. వీధిలో ఆడవాళ్ళు బిందెలతో ప్రహరీగోడ దగ్గర నిలబడి, పల్లయ్య మేడెక్కడం చూశారు. సుబ్బలక్ష్మమ్మగారని, నోరున్న మనిషి, తిన్నగా నా బల్ల దగ్గరికే వచ్చింది.

"ఏవయ్యా లైబ్రరీ మేష్టారూ, ఇక్కడ మనుసులకి గొంతు తడుపుకోడానికి లేకపోతే, నీ గోడకి దాహం తీరుత్తున్నావా?"

"ఉత్తర్వులండీ."

"గోడకొచ్చాయా ఉత్తర్వులు? మాకెప్పుడొత్తాయి?"

బోరు దగ్గర రెండు బిందెలు ఇంటికి పట్టుకెళ్ళే ప్రతివాళ్ళూ ఒక బిందె పల్లయ్యకి అందించేటట్టు రాజీ కుదిర్చాను. గుమ్మలేరులో ప్రజలు గ్రంథాలయోద్యమంలో ఇంత పెద్ద ఎత్తున పాల్గొనడం అదే మొదలు.

మార్చి ఆఖర్న ఒక మధ్యాహ్నం పల్లయ్య నీళ్ళు పోయడం ముగించి, చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. చెమ్మ నం. 1 ముందు నిలబడి బీరువా అద్దంలోంచి చాలాసేపు చూశాడు.

"మేష్టారూ, అది మా నాన్న పుస్తకం కదండీ?"

అవును. రూళ్ళ పుస్తకం, ఎర్ర గుడ్డ అట్ట. సూరన్న మేస్త్రీ తన పనితనమంతా, సున్నం ఎలా నానబెట్టాలి, గచ్చు ఎలా కలపాలి, ఏ గోడకి ఏది పనికొస్తుంది, వంకర టింకర అక్షరాలతో అందులో రాసుకున్నాడు. అయిదేళ్ళ కిందట పల్లయ్యే తెచ్చి నా చేతిలో పెట్టాడు. 'మాది తాటాకిల్లండి, ఆనొత్తే కారిపోద్ది. మీది మా నాన్న కట్టిన మేడ. ఇక్కడుంటే తడవదు' అన్నాడు. ఆ మాట నాకు బాగా గుర్తుంది. నేను దానికి 3117 అని నంబరు వేసి, ఈ బీరువాలో, ఈ గోడ పక్కనే పెట్టాను.

ఇప్పుడది ఉబ్బిపోయింది. అట్ట బూజుపట్టింది. అంచుల వెంట సిరా నీలంగా కారి పక్క పుస్తకానికి అంటుకుంది. రెండు నెలలకు పైగా పల్లయ్య మోసిన ప్రతి బిందెలోనూ కాసిని నీళ్ళు ఆ పుస్తకంలోకి దిగాయి. నాకు ఆ సంగతి ముందే తెలుసు. రోజూ టేపు పెట్టి కొలిచేవాణ్ణి, తెలియకేం? బీరువా తాళం జేబులో ఉండికూడా, జాబితాలోంచి ఒకటి తగ్గితే మెమో వస్తుందని ఊరుకున్నాను. చాలా సిగ్గేసింది.

పల్లయ్య "తీసి ఇచ్చెయ్యండి" అనికూడా అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాణ్ణో నాకు తెలియదు.

"ఓసారి సదివి పెడతారా మేష్టారూ? గచ్చు కలిపే పేజీ."

"బయటికి తియ్యకూడదు పల్లయ్యా."

"తియ్యొద్దండి. అక్కడే సదవండి."

చదవడం కదల్చడం కాదు కదా అని నాకూ తోచింది. బీరువా తలుపులు తెరిచి, మోకాళ్ళమీద కూర్చుని, తల లోపల పెట్టి, పుస్తకం అరమీద ఉన్నది ఉన్నచోటే తెరిచి చదివాను. ముక్కులోకి బూజు వెళ్ళి రెండు పేజీలకోసారి తుమ్ములు. కామేశు వెనకనుంచి చూసి, మేష్టారు బీరువాకి మొక్కుతున్నారనుకున్నాడు.

"పాత సున్నం, ఇటిక పొడి, కరక్కాయలు నానబెట్టిన నీళ్ళు… బెల్లం… ఎంతో తెలీడంలేదు పల్లయ్యా, అంకె కారిపోయింది."

"పర్లేదండి. ఆ లెక్క నాకు తెల్సు. కిందేటుందండి?"

"'చెక్కలతో కొట్టవలెను. చప్పుడు మారేదాకా కొట్టవలెను. పిదప నలభై దినములు తడి ఆరనివ్వరాదు.'"

నేను తల బయటికి తీశాను. పల్లయ్య నావంక చూడడంలేదు, పైకప్పు వంక చూస్తున్నాడు.

"నలబై దినాలు" అన్నాడు మెల్లిగా. "ఆయ్."

మర్నాడు మేడమీద టపటపా చప్పుడు మొదలైంది. పేపరు చదివేవాళ్ళు తలెత్తి చూశారు. కామేశు మెట్ల దగ్గరికి వెళ్ళి అరిచాడు.

"ఏటి పల్లయ్యా, ఆ బాదుడు?"

"నీళ్ళు బాగా ఇంకాలి కదేటి మరి!" అని పైనుంచి జవాబు వచ్చింది.

సాయంత్రం చూస్తే గోడమీద చీమలు బారులు కట్టి మేడెక్కుతున్నాయి. చీమలు నీళ్ళకోసం అంత శ్రద్ధగా ఎక్కవు. వాటి వెనకే నేనూ ఎక్కాను. తూము పక్కన రావి మొక్క లేదు. అది ఒక పగిలిన కుండలో మట్టితో సహా కుదురుగా కూర్చుని ఉంది. బీట ఉన్నచోట బారెడు మేర కొత్త గచ్చు, నున్నగా, బెల్లం వాసన వేస్తూ. పల్లయ్య దానిమీద గోనెపట్టా పరిచి, బిందెతో నీళ్ళు ధారగా పోస్తున్నాడు.

"ఇది ఉత్తర్వుకి విరుద్ధం పల్లయ్యా."

"తడి ఆరనియ్యొద్దన్నారు కదండీ. ఆరనియ్యట్లేదు."

నేను ఉత్తర్వు మనసులో మళ్ళీ చదువుకున్నాను. నీళ్ళు పొయ్యాలని ఉంది. నీళ్ళు దిగాలని ఎక్కడా లేదు. కిందికి వచ్చి పుస్తకంలో 'నలభై బిందెలు పోయబడినవి' అని రాసి సంతకం పెట్టాను. నా ఉద్యోగంలో నేను చేసిన సాహసం అదొక్కటే.

ఏప్రిల్ అంతా పల్లయ్య ఒక్క పూట మానలేదు. ఎండ పెరిగేకొద్దీ అతను నీళ్ళు పెంచాడు, నీళ్ళు పెరిగేకొద్దీ గోడ ఆరింది. మొదట గీతకి జానెడు ఎడం, తర్వాత మూరెడు. మే మొదటివారానికి చెమ్మ నం. 1 అరచెయ్యంత మిగిలింది. కామేశు చెంబు పట్టుకొచ్చి "గోడమీదే కొట్టేద్దాం మేష్టారూ, ఉజ్జోగాలు పోతాయి" అని బతిమాలాడు. ఉత్తర్వులో పైకప్పు అనే ఉంది కాబట్టి గోడమీద కొట్టకూడదన్నాను. తర్వాత అదీ పోయింది.

మే ఇరవై రెండున కమిటీ వచ్చింది. పెద్ద ఇంజనీరుగారు, మార్కండేయులుగారు, ఫోటోలు తీసే ఆయన. ముందు పైకెక్కారు. పల్లయ్య అప్పుడే నలభయ్యో బిందె కుమ్మరించాడు. నీళ్ళు తూములోంచి గలగలా బయటికి పోతున్నాయి. "తడి సంతృప్తికరముగా ఉన్నది" అన్నారు పెద్ద ఇంజనీరుగారు. తర్వాత కిందికి దిగారు.

ఎర్రగీత ఉంది. అంకె ఉంది. లోపల గోడ తెల్లగా, పొడిగా ఉంది.

పెద్ద ఇంజనీరుగారు ఫైల్లో ఫోటో చూశారు, గోడ చూశారు, మళ్ళీ ఫోటో చూశారు.

"ఇక్కడ ఉండవలసిన చెమ్మ ఏది?"

"ఉండేదండి" అన్నాను.

"ఇరవై నాలుగు చదరపు అడుగుల చెమ్మ! రికార్డులో నమోదైన చెమ్మ! తమ సంరక్షణలో ఉండగా అదృశ్యమైనదంటే దీనికి బాధ్యులెవరు?"

మార్కండేయులుగారు పాపం గోడని గోటితో గీకి చూశారు. వంగి బీరువా కింద కూడా చూశారు.

వారం రోజుల్లో సంజాయిషీ ఇమ్మన్నారు. ఇంట్లో చెప్పకుండా నాలుగు రోజులు మథనపడ్డాను. పల్లయ్య చేసిన పని చెబితే అతని మెడకి చుట్టుకుంటుంది. అబద్ధం రాస్తే నా మెడకి. ఆఖరికి నిజమే రాశాను. "ఉత్తర్వు ప్రకారము నాలుగు నెలలకు పైగా ప్రతిదినము నలభై బిందెల నీరు పైకప్పుపై పోయించితిని. చెమ్మను తొలగించుటకు ఈ కార్యాలయము ఎట్టి చర్యా తీసుకొనలేదని మనవి." కార్యాలయం తీసుకోలేదు కదా. తీసుకున్నవాడు పల్లయ్య.

నన్ను సస్పెండ్ చేస్తారనుకున్నాను. జూన్ రెండోవారంలో వచ్చింది సస్పెన్షను కాదు, సర్క్యులరు. జిల్లాలోని అన్ని గ్రంథాలయాలకీ, ఇంజనీర్ల కార్యాలయానికీ ప్రతులు. 

"గుమ్మలేరు శాఖా గ్రంథాలయమున జరిపిన సుదీర్ఘ ప్రయోగము వలన, పైకప్పుపై క్రమముగా నీరు పోయుటచే గోడల చెమ్మ సమూలముగా నశించునని నిర్ధారణ అయినది. కావున అన్ని భవనములపై దినమునకు నలభై బిందెలకు తక్కువ కాకుండ నీరు పోయవలెను. వర్షాకాలమునందును ఈ విధానము ఆపరాదు. ఈ విషయమున అనుభవజ్ఞుడైన తడి నిర్వాహకుడు శ్రీ పల్లయ్య సేవలను కోరిన శాఖలు వినియోగించుకొనవచ్చును."

కోరినవాళ్ళు కోరారు. పల్లయ్య ఊరూరా తిరగడం మొదలెట్టాడు. ఒక చేత్తో బిందె, ఇంకో చేత్తో మూతకట్టిన తట్ట. తట్టలో ఏముందని ఎవరూ అడగరు. బిందెకే ఉత్తర్వు ఉంది కనక అందరూ బిందెనే చూస్తారు. మొదటి రోజు మేడమీద టపటపా బాదుతాడట, తర్వాత అక్కడివాళ్ళని నలభై రోజులు నీళ్ళు పొయ్యమని వస్తాడట. పీకిన రావి మొక్కల్ని మాత్రం పారెయ్యలేదు. మా పెరట్లో ఇప్పటికి కుండల్లో ఏడున్నాయి.

చెమ్మ నం. 1 రికార్డులోంచి పోయింది కనక ఫోటో కూడా చెల్లదు. సర్క్యులరు వచ్చిన రోజే బీరువాని గోడనుంచి రెండు బారలు ఇవతలికి జరిపాను. 3117ని పేజీ పేజీకీ మధ్య కాగితం పెట్టి నీడలో ఆరబెట్టాను. పన్నెండు పేజీలు పోయాయి. అవి ఇక రావు. మిగిలినవాటిని, పల్లయ్య నోటితో చెబుతుంటే పోయిన అంకెలు పూరిస్తూ, కొత్త పుస్తకంలోకి ఎక్కిస్తున్నాను.

మొన్న సాయంత్రం అదే పనిలో ఉన్నాం. బయట పెద్ద వాన. మా గోడమీద చుక్క లేదు. కామేశు ఉత్తర్వు ప్రకారం గొడుగు వేసుకుని మెట్ల కిందే నిలబడి, ఆడవాళ్ళ చేత నలభై బిందెలూ లెక్కపెట్టి పోయించి వచ్చాడు. ఫోను మోగింది. మార్కండేయులుగారు.

"లైబ్రేరియన్ గారూ, మా ఇంజనీర్ల ఆఫీసులో బయటివాళ్ళెందుకని మేమే పోయిస్తున్నామండీ. రోజుకి అరవై బిందెలు. అయినా నా కుర్చీమీద కారుతూనే ఉంది. ఫైళ్ళమీద గొడుగు పెట్టి నేను తడుస్తున్నాను. మా పద్ధతిలో లోపమెక్కడుందంటారు?"

ఫోను చేత్తో మూసి పల్లయ్యకి సంగతి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. వేలితో తన తండ్రి పుస్తకంలో సిరా మరక గుర్తుపట్టి గచ్చు పేజీ వెతుక్కుని, దానిమీద చెయ్యి పెట్టాడు.

"పాపం, ఆ బాబుగారు నాకు తెల్సండి. మంచోరు. ఆన ఎలిసాక తట్టట్టుకుని నేనెల్తాను. అందాకా నీళ్ళు మాత్రం ఆపొద్దని సెప్పండి."

"ఎందుకు పల్లయ్యా? ఇప్పుడు పోసి ఏం లాభం?"

"లాబవేం లేదండి" అన్నాడు పల్లయ్య. "ఆపేత్తే, రేపు నన్ను మేడెక్కనివ్వరు కదండీ."